తీపి లేని ప్రసాదం

రూపాయి బిళ్ళంత ఉంటుంది. కాగితమంత పల్చన. ఉప్పు లేదు, చక్కెర లేదు. నాలుక మీద పెట్టుకుంటే క్షణంలో కరిగిపోతుంది. దాని కోసం ప్రతి ఆదివారం మనుషులు చేతులు జోడించి వరస కడతారు. ఆ చిన్న అప్పంలో ఏముంది?

బోధన్ అంటే చక్కెర. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరు మోసింది. దాని చుట్టూ పెరిగిన కాలనీ పేరే శక్కర్‌నగర్. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక నీళ్ళొచ్చాయి. నీళ్ళతోపాటు చెరకొచ్చింది. కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు తరలివచ్చి వర్ని, కోటగిరి వైపు క్యాంపులు కట్టుకున్నాయి. క్రషింగ్ రోజుల్లో చెరకు బండి వెనక పరిగెత్తి ఓ గడ లాక్కోని పిల్లాడు ఆ తరంలో అరుదు.

అలాంటి సీమలో క్యాథలిక్ ఇళ్ళ పిల్లలకు ఎనిమిదో తొమ్మిదో ఏడు వచ్చేసరికి ఒక పెద్ద ముచ్చట ఎదురుచూస్తూ ఉంటుంది. మొట్టమొదటిసారి దివ్య సత్ప్రసాదం తీసుకోవడం. ఆడపిల్లలకు తెల్ల గౌన్లు, మగపిల్లలకు తెల్ల చొక్కాలు, చేతిలో కొవ్వొత్తి, ఇంట్లో చుట్టాలు, మధ్యాహ్నం భోజనాలు. దానికి ముందు కొన్ని నెలలు సిస్టర్లు, ఉపదేశులు క్లాసులు చెబుతారు. భయం పోవడానికి, పూజలో ఇంకా అర్పించని మామూలు అప్పాన్ని నోట్లో పెట్టి అలవాటు చేయిస్తారు. అక్కడే పిల్లల ముఖాలు అదోలా మారతాయి.

'ఇదేంది సిస్టర్, రుచే లేదు! చక్కెర వెయ్యరా?'

నవ్వొచ్చే ప్రశ్నే. కానీ జవాబు చెప్పబోతే మాత్రం రెండు వేల ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వస్తుంది.

గోధుమ పిండి, నీళ్ళు... అంతే!

పూజలో వాడే అప్పానికి చర్చి పెట్టిన నియమం చాలా చిన్నది. గోధుమ పిండి, నీళ్ళు. మూడో వస్తువు పడకూడదు. పిండి పులవకూడదు. వేడి పెనాల మధ్య పల్చగా కాల్చి, గుండ్రంగా కత్తిరిస్తారు. చాలాచోట్ల ఈ పని కాన్వెంటుల్లో సిస్టర్లే చేస్తారు. పక్కన ఉండేది ద్రాక్షరసం. అదీ ద్రాక్షపండ్ల నుంచి వచ్చిందే అయ్యుండాలి. పూజ మధ్యలో గురువు అందులో రెండు చుక్కలు నీళ్ళు కలుపుతాడు.

వరి పండే నిజామాబాద్‌లో బియ్యప్పిండి రొట్టె ఎందుకు కాకూడదు? ఈ ప్రశ్న మన దగ్గరే కాదు, గోధుమ పండని దేశాలన్నిటిలోనూ వచ్చింది. చర్చి ఒప్పుకోలేదు. ఏసుక్రీస్తు తన శిష్యులతో చివరిసారి భోంచేసిన రాత్రి చేతిలోకి తీసుకున్నది గోధుమ రొట్టె. ఆ గుర్తును మార్చే హక్కు తమకు లేదన్నది వాళ్ళ వాదన. గోధుమలోని గ్లూటెన్ పడనివాళ్ళ సంగతేమిటని అడిగితే, గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పం వాడొచ్చుగానీ అసలే లేనిది కుదరదని వాటికన్ 2017లో మరోసారి చెప్పింది.

ఆ రాత్రి యూదుల పాస్కా పండుగ రోజులది. ఈజిప్టులో బానిసలుగా బతికిన తమ పూర్వికులు, పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక, పొంగని రొట్టెలతో రాత్రికి రాత్రే బయల్దేరిన జ్ఞాపకం అది. అంటే ఈ అప్పం చప్పగా ఉండటానికి ఒక కారణం తొందర. విడుదల కోసం పరిగెత్తినవాళ్ళ రొట్టె ఇది. విందు కోసం తీరిగ్గా వండింది కాదు.

ఆ పండుగ రోజుల్లోనే ఏసు రొట్టెను చేతిలోకి తీసుకుని, విరిచి, శిష్యులకు పంచాడు. ఇది తన శరీరమన్నాడు. పాత్రను అందించి ఇది తన రక్తమన్నాడు. తన జ్ఞాపకంగా ఇలాగే చేస్తూ ఉండమన్నాడు. తెల్లారితే శిలువ. క్యాథలిక్ గుళ్ళలో రోజూ జరిగే పూజకు మూలం ఆ ఒక్క రాత్రే.

ప్రసాదమైతే అందరికీ ఎందుకు పెట్టరు?

తెలుగు క్యాథలిక్కులు చర్చిని గుడి అంటారు. అక్కడ జరిగే ఆరాధన పూజ. అందులో ఇచ్చేది సత్ప్రసాదం. పక్కింటి హిందూ కుటుంబానికి ఈ మాటలన్నీ సొంత మాటల్లాగే వినిపిస్తాయి. చిక్కు కూడా అక్కడే వస్తుంది.

క్యాథలిక్ పెళ్ళికి వెళ్ళిన చాలామందికి ఇది అనుభవమే. పూజ సగం దాటాక అందరూ లేచి వరసగా ముందుకు నడుస్తారు. గురువు చేతిలో గిన్నె. ఒక్కొక్కరికీ ఏదో ఇస్తున్నాడు. ప్రసాదం కాబోలు, వద్దంటే బాగుండదని అతిథి కూడా లేచి చెయ్యి చాపుతాడు. గురువు ఒక్క క్షణం ఆగుతాడు. చిన్నగా నవ్వి, తల మీద చెయ్యి పెట్టి దీవించి పంపుతాడు. అతిథి అయోమయంగా వెనక్కి వస్తాడు. మన దగ్గర ప్రసాదం వద్దనడమే తప్పు. ఇక పెట్టకపోవడమా?

ఇందులో అవమానం ఏమీ లేదని క్యాథలిక్కులు అంటారు. గుళ్ళో దేవుడికి నైవేద్యం పెట్టాక, ఆ మిగిలింది అందరికీ పంచితే అది ప్రసాదం. సత్ప్రసాదం అలాంటిది కాదన్నది వాళ్ళ విశ్వాసం. గురువు పీఠం మీద ఆ రాత్రి మాటలను పలికాక, రొట్టె రూపం, రంగు, రుచి అలాగే ఉంటాయి. కానీ అది ఇక రొట్టె కాదు, సాక్షాత్తూ క్రీస్తే. 1215లో రోమ్‌లో జరిగిన లాటరన్ మహాసభ, 1551లో ట్రెంట్ మహాసభ ఈ మాటనే సిద్ధాంతంగా స్థిరపరిచాయి. అందుకే అప్పం అందించేటప్పుడు గురువు 'క్రీస్తు శరీరం' అంటాడు. తీసుకునేవాళ్ళు 'ఆమెన్' అనాలి. ఆ ఒక్క మాటకు 'అవును, నమ్ముతున్నాను' అని అర్థం. నమ్మకం లేని మనిషి చేత ఆ మాట అనిపించడం సబబు కాదన్నదే ఆ నియమం వెనకున్న ఆలోచన.

ఇది నమ్మడం తేలికేమీ కాదు. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఏసు తన శరీరాన్ని ఆహారంగా ఇస్తానని చెబితే, ఇదేం మాటంటూ శిష్యుల్లోనే చాలామంది వెళ్ళిపోయారని రాసి ఉంది. వాళ్ళను వెనక్కి పిలవడానికి ఆయన ఆ మాటను మార్చలేదు.

నిజామాబాద్ జిల్లాలో ఈ తేడా ఇంకో రకంగానూ కనిపిస్తుంది. ఇక్కడ చర్చి అనగానే చాలామందికి గుర్తొచ్చేది సీఎస్ఐ. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని స్థాపించింది మెథడిస్టు మిషనరీలే. ఆ మిషనరీల శ్రమతో పెరిగిన సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. వాళ్ళు 'ప్రభువు బల్ల' అంటారు. సాధారణంగా నెలకోసారి రొట్టె, రసం తీసుకుంటారు. అక్కడ ముందువరసలో ఉండేది వాక్యం, ప్రసంగం. క్యాథలిక్ గుళ్ళో ప్రసంగం పది నిమిషాల్లో ముగిసినా ఎవరూ ఏమీ అనుకోరు. సత్ప్రసాదం లేకుండా ఆదివారం గడిస్తే మాత్రం ఏదో వెలితి. ఒకే వీధిలో ఉండే రెండు క్రైస్తవ కుటుంబాల మధ్య ఉన్న తేడా ఇదే.

ఎర్రదీపం చెప్పే కబురు

క్యాథలిక్ భాషలో ఒక గురువు బాధ్యతలో ఉండే ప్రాంతం 'విచారణ'. ఎంత మంచి మాట! అజమాయిషీ అని కాదు, యోగక్షేమాలు విచారించడం అని అర్థం. కేంద్రంలో ఒక గుడి, గురువు ఇల్లు, వీలైతే ఒక బడి. చుట్టూ కొన్ని ఊళ్ళు. అన్ని ఊళ్ళకూ ఒకే ఆదివారం ఒకే గురువు వెళ్ళలేడు. కొన్నిచోట్ల వారానికోసారి, కొన్నిచోట్ల నెలకో రెండు నెలలకో పూజ. మధ్యలో ప్రార్థన నడిపేది, జబ్బుపడ్డవాళ్ళ కబురు మోసుకొచ్చేది, పిల్లలకు జపాలు నేర్పేది ఊళ్ళో ఉండే ఉపదేశి. ఆయన ప్రార్థన చేయించగలడు. పూజ మాత్రం చెప్పలేడు. అది గురువు పని. అందుకే మారుమూల ఊళ్ళలో ఫాదర్ గారి మోటారు సైకిల్ చప్పుడు వినపడితే అదొక పండుగ.

నిజామాబాద్ జిల్లా హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తుంది. 1886లో పీఠంగా ఏర్పడిన హైదరాబాద్ 1953లో అగ్రపీఠమైంది. బాసర దగ్గర గోదావరి దాటితే అటువైపు ఆదిలాబాద్ సీమలో 1999లో ఏర్పడిన సీరో మలబార్ పీఠం ఉంది. అక్కడ పూజను కుర్బానా అంటారు. ప్రార్థనల వరస వేరు, పద్ధతి వేరు. పీఠం మీద ఉండేది మాత్రం అదే రొట్టె, అదే రసం. ఏటికి ఇటొక తీరు, అటొక తీరు. రెండూ ఒకే చర్చి.

ప్రతి పూజలోనూ ఇద్దరి పేర్లు వినిపిస్తాయి. ఒకటి పోప్‌ది, రెండోది స్థానిక పీఠాధిపతిది. పది మంది ఉన్న పల్లె గుడి కూడా లోకమంతా ఉన్న చర్చితో కలిసే భోంచేస్తోందని గుర్తుచెయ్యడానికి అలా పేర్లు చదువుతారు.

పూజయ్యాక మిగిలిన అప్పాలను పారెయ్యరు. మందసంలో భద్రపరుస్తారు. దాని పక్కన ఒక ఎర్రదీపం రాత్రింబవళ్ళు వెలుగుతూ ఉంటుంది. ఖాళీ గుడిలోకి వచ్చిన మనిషి ఆ దీపం చూసి మోకాళ్ళ మీద కూర్చుంటాడు. మందసంలో దాచడానికి ఇంకో కారణం కూడా ఉంది. మంచం పట్టినవాళ్ళు. పక్షవాతంతో కదల్లేని తాత, కాన్పయి పదిరోజులైన కోడలు, చివరి ఘడియల్లో ఉన్న రోగి... వీళ్ళెవరూ వరసలో నిలబడలేరు. అందుకే వరసే వాళ్ళింటికి నడిచి వెళుతుంది. చిన్న డబ్బీలో అప్పం పెట్టుకుని గురువో, ఆ బాధ్యత అప్పగించిన సిస్టరో బయల్దేరతారు. ఆ ఇంట్లో అప్పటికే ఓ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి ఉంచుతారు.

చనిపోయినవాళ్ళనూ ఈ భోజనం మరిచిపోదు. నాన్న పోయి ఏడాదైతే క్యాథలిక్ ఇంట్లో మొదట చేసే పని, ఫాదర్ దగ్గరికి వెళ్ళి ఆయన పేర పూజ చెప్పించడం. నవంబరు 2న సమాధులకు సున్నాలు వేసి, పూలు పెట్టి, అక్కడే పూజ చేసుకునే ఊళ్ళూ ఉన్నాయి. పెళ్ళికీ అదే రొట్టె, చావుకీ అదే రొట్టె. చప్పగా ఉండటంలోని సుఖం అదే కాబోలు... ఏ సందర్భంలోనూ ఎబ్బెట్టుగా ఉండదు.

లాటిన్ పోయి తెలుగొచ్చింది

ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటిన క్యాథలిక్కులు చిన్నప్పుడు చూసిన పూజ వేరు. గురువు జనానికి వీపు చూపించి, పీఠం వైపు తిరిగి, లాటిన్‌లో పూజ చెప్పేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. జనం తమ మానాన తాము జపమాల చెప్పుకునేవారు. గంట మోగగానే తల వంచేవారు. సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. పల్లెల్లో గురువు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైతే పిల్లలు శోష వచ్చి పడిపోవడమూ ఉండేది. ఈ ఉపవాసాన్ని 1957లో పన్నెండో పయస్ పోపు మూడు గంటలకు తగ్గిస్తే, 1964లో ఆరో పౌలు ఒక గంటకు కుదించాడు.

పిల్లల విషయమూ అంతే. అంతకుముందు చాలాచోట్ల పన్నెండు, పద్నాలుగేళ్ళు దాటితేగానీ మొదటి సత్ప్రసాదం ఇచ్చేవారు కాదు. 1910లో పదో పయస్ పోపు ఈ వయసును సుమారు ఏడేళ్ళకు దించాడు. మామూలు రొట్టెకూ, ఈ రొట్టెకూ తేడా తెలిస్తే చాలన్నాడు. బోధన్ పిల్లవాడు చక్కెర గురించి అడగగలుగుతున్నాడంటే ఆ ఉత్తర్వు పుణ్యమే!

అసలు మార్పు రెండో వాటికన్ మహాసభతో వచ్చింది. 1963 డిసెంబరు 4న ఆరాధన మీద ఆమోదించిన పత్రం మాతృభాషలకు తలుపులు తెరిచింది. గురువు జనం వైపు తిరిగాడు. పూజ తెలుగైంది. ఆ మరుసటి ఏడే బొంబాయిలో అంతర్జాతీయ సత్ప్రసాద మహాసభ జరిగింది. దానికోసం ఆరో పౌలు స్వయంగా వచ్చాడు. భారతదేశంలో అడుగుపెట్టిన మొదటి పోపు ఆయనే. 1969లో మన దేశ పీఠాధిపతులు అడిగిన పన్నెండు మార్పులకు వాటికన్ ఒప్పుకుంది. చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, మోకాలు వంచడానికి బదులు చేతులు జోడించి వంగి నమస్కరించడం, నూనె దీపాలు, హారతి. పవిత్ర వస్తువులను ముద్దు పెట్టుకోవడానికి బదులు చేతితో తాకి కళ్ళకద్దుకోవచ్చన్నారు. ఆ అనుమతి రాకముందే మన అమ్మమ్మలు బైబిల్‌ను కళ్ళకద్దుకునే ఉంటారు. రోమ్ ఆలస్యంగా తెలుసుకుందంతే!

కొరింతులో మొదలైన తగాదా

సత్ప్రసాదం గురించి అన్నిటికన్నా పాత రాతల్లో ఒకటి, నిజానికి ఒక మందలింపు. సుమారు 55వ సంవత్సరంలో పౌలు కొరింతు పట్టణంలోని క్రైస్తవులకు రాసిన మొదటి లేఖ అది. అక్కడివాళ్ళు ప్రభువు భోజనానికి కలిసేవారు. కానీ ఉన్నవాళ్ళు తాము తెచ్చుకున్నది ముందే తినేసేవారు. పొద్దంతా పని చేసుకుని ఆలస్యంగా వచ్చిన పేదలు ఆకలితో నిలబడేవారు. పౌలుకు మండిపోయింది. మీరు తింటున్నది ప్రభువు భోజనం కానే కాదన్నాడు. లేనివాళ్ళను సిగ్గుపరిచి తినే రొట్టె మేలు చెయ్యదు సరికదా, తీర్పు తెస్తుందన్నాడు.

అప్పం క్రీస్తు శరీరమా కాదా అన్నది ఒక ప్రశ్న. దాన్ని పక్కపక్కన నిలబడి తిన్నవాళ్ళు ఒకటయ్యారా లేదా అన్నది రెండో ప్రశ్న. పౌలు రెండిటినీ విడదియ్యలేదు.

మన దేశంలో ఈ రెండో ప్రశ్న మరీ చేదు. ఒకే దేవుడి ముందు మోకరిల్లినవాళ్ళు కులాన్ని గుడి బయట విడిచిరాలేకపోయారు. కొన్ని ప్రాంతాల్లో కూర్చునే చోట్లు వేరు. సమాధుల దొడ్లు వేరు. ఈ మాట అంటున్నది బయటివాళ్ళు కాదు. భారత క్యాథలిక్ పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో, చర్చిలోనూ అంటరానితనం, వివక్ష ఉన్నాయని ఒప్పుకుంది. అది ఘోరమైన సామాజిక పాపమని చెప్పింది.

ఆ తర్వాత ఆరేళ్ళకు ఒక కబురు తెలుగు గుళ్ళన్నిటికీ చేరింది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. కర్నూలు జిల్లాలో పుట్టిన ఆయన తొలి తెలుగు కార్డినల్. దళితుల్లోంచి వచ్చిన తొలి కార్డినల్ కూడా. 2025 మేలో పద్నాలుగో లియోను పోపుగా ఎన్నుకున్న సభలో ఆయన ఓటు కూడా ఉంది. ఒకప్పుడు ఎవరి నీడ పడకూడదన్నారో, వాళ్ళలోంచి వచ్చిన ఒకరి చేతిలోని అప్పం కోసం ఇప్పుడు అన్ని కులాలవాళ్ళూ వరస కడుతున్నారు. ఒక్క మనిషికి ఎర్రటోపీ వచ్చినంత మాత్రాన సమాధుల దొడ్ల మధ్య గోడలు వాటంతటవే కూలిపోవు. కానీ ఆ వరస కూడా చిన్న విషయం కాదు.

వరసలో నిలబడలేనివాళ్ళు క్యాథలిక్కుల్లోనే ఇంకొందరున్నారు. గుడిలో పెళ్ళి కాని దంపతులు, విడిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళు. కూతురు వేరే మతం అబ్బాయిని రిజిస్టరు ఆఫీసులో పెళ్ళి చేసుకుంటే, పండుగనాడు ఇంటికొచ్చిన ఆ అమ్మాయి తల్లి పక్కనే కూర్చుంటుంది. తల్లి లేచి వెళుతుంది, కూతురు కదలదు. ఇద్దరి కళ్ళూ నేల మీదే. నియమం నియమమే. అయితే ఇలాంటివాళ్ళను దూరం పెట్టకుండా, పక్కన ఉండి, ఒక్కొక్కరి పరిస్థితినీ ఓపిగ్గా చూడాలని పోప్ ఫ్రాన్సిస్ 2016లో గురువులకు రాశారు. ఆయన దృష్టిలో ఇది మంచివాళ్ళకిచ్చే బహుమతి కాదు, బలహీనులకిచ్చే మందు.

చెరకు ఆగిపోయిన ఊళ్ళో

పూజలో ఒక ఘట్టం ఉంది. రొట్టె, రసం పీఠం దగ్గరికి తెచ్చాక గురువు వాటిని పైకెత్తి దేవుడికి కృతజ్ఞతలు చెబుతాడు. భూమి ఇచ్చిన పంటకూ, దాన్ని ఆహారంగా మార్చిన మనిషి శ్రమకూ కలిపి. దేవుడికి గోధుమ గింజను కాకుండా రొట్టెను అర్పించడంలో ఒక అర్థం ఉంది. గింజలో మట్టి, వాన మాత్రమే ఉన్నాయి. రొట్టెలో కోసినవాడు, విసిరినవాడు, కాల్చినవాడు కూడా ఉన్నారు. వేర్వేరు చేలల్లో పండిన గింజలు నలిగి ఒకే రొట్టె అయినట్టు మనుషులూ ఒకటి కావాలని తొలి శతాబ్దాల క్రైస్తవులు చెప్పుకునేవారు.

ఈ పోలిక బోధన్ మనిషికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పది ఊళ్ళ చెరకు ఒకే మిల్లులో నలిగి ఒకే చక్కెర కావడం అతను కళ్ళారా చూశాడు. ఆ మిల్లు 2002లో ప్రైవేటు భాగస్వామి చేతుల్లోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. మళ్ళీ తెరిపించడంపై ప్రభుత్వం 2024లో ఒక కమిటీ వేసింది. ఈలోగా చెరకు మళ్ళు వరి మళ్ళయ్యాయి. కార్మికుల పిల్లలు బతుకుదెరువు కోసం తలోదిక్కూ వెళ్ళారు.

పని పోయిన ఊళ్ళో ఈ ప్రార్థన ఎలా వినిపిస్తుంది? చేతుల శ్రమను దేవుడికి అర్పించమంటే, చేతికి పనే లేనివాడు ఏం అర్పిస్తాడు? దానికి పూజ పుస్తకంలో జవాబు ఉండదు. విచారణలో ఉండాలి. జీతం ఆగిపోయిన ఇంటి పిల్లవాడి ఫీజు సంగతి పక్కవరసలో కూర్చున్నవాళ్ళకు తెలిసిందా? ఆ ఇంట్లోవాళ్ళు రెండు ఆదివారాలు కనిపించకపోతే ఎవరైనా వెళ్ళి తలుపు తట్టారా? కొరింతువాళ్ళను పౌలు అడిగింది సరిగ్గా ఇదే.

నిజామాబాద్ జిల్లా అంటే గల్ఫ్ కూడా. దుబాయిలో దశాబ్దాలపాటు వలస కార్మికులకు ఆదివారం పూజ శుక్రవారమే జరిగేది, అక్కడ సెలవు ఆ రోజే కాబట్టి. 2022 జనవరిలో ఎమిరేట్లు వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చేదాకా ఇదే పద్ధతి. సౌదీ వెళ్ళినవాళ్ళకు అదీ లేదు, అక్కడ చర్చిలే లేవు. రెండు మూడేళ్ళకోసారి సెలవు మీద ఇంటికొచ్చిన కొడుకు, మొదటి ఆదివారం గుడిలో వరసలో నిలబడి చెయ్యి చాపినప్పుడు ఆ చప్పటి అప్పం రుచి ఏమిటో అతన్నే అడగాలి.

మిగతావాళ్ళకు ఆ రుచి 2020లో తెలిసింది. కరోనా లాక్‌డౌన్‌తో గుళ్ళు మూతపడ్డాయి. పవిత్ర వారం, పాస్కా పండుగ అన్నీ ఇంట్లోనే. మార్చి 27న ఖాళీ సెయింట్ పీటర్స్ చౌకులో, వానలో, పోప్ ఫ్రాన్సిస్ ఒక్కరే సత్ప్రసాదాన్ని పైకెత్తి లోకాన్ని దీవించడం అందరూ టీవీల్లో చూశారు. ఫోన్లలో పూజలు వచ్చాయి. పాటలు వినిపించాయి, ప్రసంగం వినిపించింది. ఒక్కటి మాత్రం ఫోన్లోంచి రాలేదు. జూన్‌లో గుళ్ళు మళ్ళీ తెరిచాక, ముఖానికి మాస్కులు కట్టుకుని, ఎడం ఎడంగా నిలబడి జనం చెయ్యి చాపారు. చూడటం వేరు, తినడం వేరు. అన్నం విషయంలో ఎంత నిజమో ఇక్కడా అంతే.

పూజ ముగింపులో గురువు చివరిగా చెప్పేది దీవెన. ఆ తర్వాత వెళ్ళిరండని పంపిస్తాడు. ఇంగ్లిషులో పూజను 'మాస్' అంటారు. ఆ మాట పుట్టింది లాటిన్‌లో పంపించడం అనే అర్థమున్న మాట నుంచే. ఇంత పెద్ద ఆరాధనకు అందులోని చివరి మాటే పేరైంది. అసలు పని గుమ్మం దాటాకే మొదలవుతుందన్నమాట.

ఆదివారం పదిన్నర. చెప్పుల కోసం వెతుకులాట, పిల్లల అల్లరి, కుశల ప్రశ్నలు. గుడి ఖాళీ అవుతుంది. మందసం పక్కన ఎర్రదీపం అలాగే వెలుగుతుంటుంది. తెల్లచీర సిస్టర్ ఒకరు చిన్న డబ్బీని గుండెకు ఆనించుకుని వరసలోకి రాలేనివాళ్ళ ఇంటి వైపు నడుస్తుంటారు. ఈసారి ఏ పిల్లవాడైనా చక్కెర ఎందుకు వెయ్యరని అడిగితే, వాణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇంటిదాకా తీసుకెళ్తే సరిపోతుంది.